తాగనివాడి లివర్

ఆ వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ పట్టలేదు. చేసేది నీళ్ళ పైపుల పని, తాగేది నీళ్ళు తప్ప మరొకటి కాదు. అందుకని తోటి పనివాళ్ళు నీళ్ళాయన అని పిలిచారు. అది వెక్కిరింత. ఆయన బిరుదనుకున్నాడు.

అరవై రెండేళ్ళు వచ్చినా చుక్క ముట్టలేదు. ముట్టకపోతే మంచిదే, నోరు మూసుకుని ఊరుకోవచ్చుగా! సింకు కింద బోర్లా పడుకుని నట్టు బిగిస్తూ కూడా, పక్క గదిలో గోడకి రంగు వేసే బావమరిదికి వినబడేట్టు తాగుడు మీద పాఠం చెప్పేవాడు. బావమరిదికి సాయంత్రమైతే గొంతు తడవాలి. పాఠం ఎక్కడ మొదలైనా చివర ఒకటే మాట: "లివర్ పోతుందిరా సన్నాసీ! తాగేవాడికి పోయేది లివరే."

అటువంటి మనిషికి నిరుడు పెద్దపేగులో గడ్డ తేలింది. క్యాన్సర్ అన్నారు. ఆయన బెదరలేదు. అది ధైర్యం కాదు, వృత్తి. పాడైన ముక్క కోసేసి, మంచి కొసలు రెండూ కలిపి కుడతామని డాక్టరమ్మ చెప్పగానే, "ఓస్, నేను రోజూ చేసే పనేగా" అన్నాడు. ఆపరేషన్ అయ్యాక పలకరించడానికి వచ్చినవాళ్ళకల్లా చొక్కా ఎత్తి కుట్టు చూపించి, "జాయింటు బాగా వేశారు, చుక్క కారదు" అని మెచ్చుకున్నాడు. పేగు క్యాన్సర్‌లో పరువుకేం నష్టం? పేగు అందరికీ ఉండేదేగా.

ఏడాది తిరిగాక మళ్ళీ స్కానింగ్ తీశారు, సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. వారం తర్వాత డాక్టరమ్మ కాగితాలు ముందు పెట్టుకుని, "లివర్‌లో ఒక మచ్చ ఉందండీ" అంది. మరొకడైతే ప్రాణానికి ముప్పా అని అడిగేవాడు. ఈయన తలుపు వంక చూసి, "కాస్త మెల్లిగా మాట్లాడండి" అన్నాడు. నరంలోకి ఎక్కించే మందు సోమవారం మొదలుపెడదామంటే తల ఊపి లేచి వచ్చేశాడు. ఇంట్లో భార్యతో, "అంతా బాగుందన్నారు" అన్నాడు. కాగితాలు పనిముట్ల సంచి అడుగున పానాల కింద దాచాడు. సోమవారాలు మూడు గడిచాయి.

నాలుగో వారం ఆయన స్నానం చేస్తుంటే ఫోను మోగింది. భార్య ఎత్తింది. రెండు నిమిషాలు విని పెట్టేసింది. తల తుడుచుకుంటూ వచ్చిన మొగుణ్ణి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలదీసింది.

"లివర్‌లో మచ్చంట. అంతా బాగుందంటివే?"

"మెల్లిగా అనవే! గోడలకి చెవులుంటాయి."

"ఉండనీ. రేపు నువ్వు పోతే ఆ చెవులొచ్చి నన్ను సాకుతాయా?"

"లివర్ అంటే జనం ఏమనుకుంటారు? చాటుమాటుగా తాగాడనుకోరూ? నలభై ఏళ్ళ నా పరువేం కావాలి?"

గోడల సంగతేమో గాని గుమ్మానికి మాత్రం చెవులున్నాయి. రంగు డబ్బా పట్టుకుని బావమరిది అక్కడే నిలబడిపోయాడు.

"బావా! నువ్వూనా?" అన్నాడు. అందులో ఎగతాళి లేదు, నిజంగానే మనసు కష్టపడింది. "ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నన్ను పిలవకపోతివే!"

"నోర్ముయ్ రా!" అని అక్క చేతిలోని తడిగుడ్డ వాడి మీదకి విసిరింది.

నోరు మూసుకునే రకమైతే ఇంకేం? సాయంత్రానికల్లా మాట వీధి దాటింది. ఆయన చంకన ఎప్పుడూ ఉండే సీసాలో ఉన్నవి నీళ్ళేనా అని కొందరికి అనుమానం వచ్చింది. నాకు ముందే తెలుసు అన్నవాళ్ళు పదిమంది తేలారు. ఇక నీళ్ళాయన భీష్మించుకు కూర్చున్నాడు: "ఆసుపత్రికి వెళ్తే ఒప్పుకున్నట్టే. చచ్చినా వెళ్ళను." వెళ్ళకపోతే జరిగేది కూడా అదేనని ఆయన బుర్రకి తట్టలేదు.

భార్య చదువుకోలేదు గాని మొగుణ్ణి బాగా చదివింది. "నీ లివర్‌లో మచ్చ ఎట్లా ఉంటుందయ్యా? రిపోర్టే తప్పయి ఉంటుంది. పద, ఆ డాక్టరమ్మని దులిపేద్దాం" అంది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ బయల్దేరాడు.

"చూడండి, నేను తాగను. నా లివర్‌కి రోగం రావడానికి వీల్లేదు" అన్నాడు కూర్చోకుండానే.

"మచ్చ లివర్‌లో ఉంది గాని లివర్‌ది కాదండీ" అంది డాక్టరమ్మ.

"లివర్‌లో ఉన్నది లివర్‌ది కాకపోతే పక్కింటాయనదా?"

"మీ పేగుది. గడ్డ కోయకముందే దాంట్లో కణాలు కొన్ని సన్నటి రక్తనాళాల్లోకి దూరాయి. రక్తంలో పడ్డవాటిలో చాలావరకు చచ్చిపోతాయి. ఏ ఒకటో రెండో మొండివి మిగులుతాయి. పేగునుంచి బయల్దేరిన రక్తం ముందు లివర్‌కే వెళ్తుంది. అక్కడి దారులు వెంట్రుకకన్నా సన్నం. అందులో చిక్కుకుని కాపురం పెట్టాయి. సూదితో తీసిన ముక్కలో ఉన్నవి పేగు కణాలే. ఎక్కడ కూర్చున్నా అది పేగు క్యాన్సరే."

నీళ్ళాయన మెల్లిగా కూర్చున్నాడు. "కుళాయి మూతిలో జల్లెడలాగా" అన్నాడు. "పైనుంచి కొట్టుకొచ్చిన తుప్పంతా అక్కడ పడుతుంది. తెలివితక్కువ వాళ్ళు జల్లెడని తిడతారు."

"తిట్టేవాళ్ళే నయం," అంది భార్య. "నువ్వు ఆ జల్లెడని సంచిలో దాచావు."

"అయితే నా లివర్ తప్పేం లేదని రాసిస్తారా?"

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "రాస్తాను. కానీ మూడు వారాలు పోయాయి. మందుకి లొంగితే ఆ మచ్చని కోసి తీసేయవచ్చు. ఇంకోచోట ఇంకోటి లేస్తే కత్తి పెట్టడం కష్టం."

అప్పుడు భయపడ్డాడు, మొదటిసారి. మందు ఆ వారమే మొదలుపెట్టారు. నాలుగు నెలలు వాంతులు చేసుకుంటూనే, డాక్టరమ్మ రాసిచ్చిన కాగితానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి వీధంతా చూపించాడు. వీధి వాళ్ళు తలలు ఊపి, ఆయన మలుపు తిరగగానే, "కాగితాలదేముంది, ఎట్లా కావాలంటే అట్లా రాయించుకోవచ్చు" అన్నారు.

మచ్చ సగానికి తగ్గింది. కోయడానికి రోజు పెట్టారు. ఆసుపత్రి హాలు నిండా జనం ఉండగా, వివరాలు రాసుకునే నర్సు గట్టిగా అడిగింది: "తాగే అలవాటుందా?"

హాలు మొత్తం ఇటు తిరిగింది. నీళ్ళాయన చెయ్యి జేబులో కాగితం దాకా వెళ్ళి ఆగింది.

"ఉందని రాసుకో, లేదని రాసుకో తల్లీ. కత్తి మాత్రం వాయిదా వెయ్యొద్దు."

"ఇదేం మాటయ్యా? మత్తు ఇచ్చేవాళ్ళకి నిజం తెలియాలి" అని భార్య కసిరింది. "లేదనే రాయమ్మా."

నర్సు నమ్మకం లేనట్టు చూసింది. వెనకనుంచి బావమరిది ముందుకొచ్చాడు. "చుక్క ముట్టడమ్మా, నేను సాక్షి. ముట్టి ఉంటే మా ప్రాణాలు ఇంత తీసేవాడా?"

నర్సు లేదని రాసుకుంది.