కొంగ కంపెనీ చెల్క

ఈ ఏడు మే నెలలో ఒక మధ్యాహ్నం, నాందేడ్ ఎండకు బయట కాలు పెట్టలేక, కూలర్ ముందు కూర్చుని ఫోన్ తిప్పుతున్నాను. ఒక వీడియో వచ్చి పడింది. ఎవరో విదేశీ కుర్రవాడు, ఎప్పుడో మూతపడిన ఒక జపాన్ వీడియో గేమ్ కంపెనీ చరిత్రను, దగ్గరి చుట్టం పోయినంత దిగులుగా చెబుతున్నాడు. జూనియర్ కాలేజీలో ఏళ్ళ తరబడి అర్థశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి, మూతపడిన కంపెనీల మీద నాకు కొంచెం మమకారం ఉంది. నడిచే కంపెనీలు మనల్ని పట్టించుకోవు. చూస్తూ కూర్చున్నాను. ఇంతలో తెర మీద ఒక తెల్లకొంగ రెక్కలు విదిల్చి లేచి, కుడిపక్కకు ఎగిరిపోయింది. నేనూ లేచి నిలబడ్డాను. ఆ కొంగ నాకు తెలుసు. మా మేనత్త ఇంట్లో టీవీలో అది పాతికేళ్ళుగా ఎగురుతోంది.

ఆ కుర్రవాడు కంపెనీ పేరు పదేపదే పలికాడు గానీ, మా ఇళ్ళలో అది కొంగ కంపెనీయే. దాని కథ విన్నాక తెలిసింది, సముద్రం ఒడ్డున చిన్న ఊళ్ళో నలుగురు స్నేహితులు ఒక చేపల గోదాము మీది గదిలో మొదలుపెట్టారట. మొదట ఓడలు కాల్చే ఆటలు చేశారు. అప్పట్లో అందరూ ఓడలే కాల్చేవారు. ఆ నలుగురిలో ఒకడు రైతు కొడుకు. పట్నంలో మనసు నిలవక, ఎవరినీ కాల్చే పని లేని ఒక ఆట తయారుచేశాడు. ఒక మనిషి, ఒక ఆవు, రాళ్ళతో నిండిన చేను. రాళ్ళేరడం, దున్నడం, విత్తడం, నీళ్ళు పోయడం. మిగతా ముగ్గురూ నవ్వారు. అమ్ముడుపోయింది మాత్రం అదొక్కటే. దాంతో వాళ్ళకు ధైర్యం వచ్చింది, ధైర్యంతో ఒక మహాయుద్ధం ఆట మొదలుపెట్టారు. అది పూర్తయ్యేసరికి జనం కొత్త యంత్రాలకు మారిపోయారు. కొంగ ఇక లేవలేదు. దీనికి మా శాస్త్రంలో ఒక పేరుంది. మా గల్లీలో కూడా ఒక పేరుంది, అది అచ్చు వేయదగింది కాదు.

ఇంతవరకూ బాగానే ఉంది. చివర్లో ఆ కుర్రవాడు ఒక మాటన్నాడు. ఆ ఆట క్యాసెట్టు లోపల గుండీ అంత సెల్ ఒకటి ఉంటుందట, మనం పండించిన చేను గుర్తుండేది దాని బలంతోనేనట. అది చచ్చిననాడు చేను తుడిచిపెట్టుకు పోతుంది. చాలామందివి పోయాయి, మిగిలినవి ఇవాళో రేపో అన్నాడు. ఆ తర్వాత నేను కూర్చోలేదు. వంటింటి నుంచి ముందుగదికి, ముందుగది నుంచి బాల్కనీకి తిరుగుతుంటే మా ఆవిడ చూసి, "ఏందండీ, కాలు గాలిన పిల్లి లెక్క తిరుగుతున్నరు? ఎవలన్న పోయిండ్రా?" అంది. పోయింది జపాన్‌లో ఒక కంపెనీ, అదీ చాలా ఏళ్ళ కిందట అని చెప్పే ధైర్యం లేక, అత్తను చూసి వస్తానన్నాను.

మా అత్త సొంత ఊరు కర్ఖేలి. పెళ్ళిలో పుట్టింటివాళ్ళు పసుపు కుంకాల కింద ఒక చెల్క, వాన మీద ఆధారపడిన మెట్ట చేను, ఇచ్చారు. పంట కంటే రాళ్ళు ఎక్కువ పండే చెల్క. అయినా అది ఆమెది. నాందేడ్‌లో కాపురం పెట్టాక కూడా ప్రతి వానాకాలం బస్సెక్కి పోయి, కూలీల వెంట నిలబడి విత్తించి వచ్చేది. మా మామకు వ్యవసాయం తెలియదు. ఆయనకు తెలిసిందల్లా రేడియోలు, టీవీలు. ఒకరి దుకాణంలో పనిచేసీ చేసీ విసిగి, సొంత దుకాణం పెట్టుకోవాలన్న తొందరలో ఆ చెల్క అమ్మించాడు. అత్త కాగితం మీద వేలిముద్ర వేసి వచ్చి, మామతో మాట్లాడటం మానేసింది. గొడవేమీ లేదు. అన్నం పెట్టేది, అంగీ ఉతికేది, స్నానానికి నీళ్ళు తోడేది. మాట ఒక్కటే లేదు. మామ నాతో, "మీ అత్త రేడియో అయితే ఇప్పి చూస్తుంటిరా. యాడ తెగిందో తెలుస్తుండె" అనేవాడు.

స్టేషన్ దగ్గర ఆయన దుకాణం. గురుద్వారాకు వచ్చే యాత్రికులలో దేశం బయటి నుంచి వచ్చేవాళ్ళూ ఉంటారు. అట్లా వచ్చిన ఒక కుటుంబం జపాన్ గేమ్ డబ్బాను లాడ్జిలో మన ప్లగ్గుకు పెట్టారు. అక్కడి డబ్బా అక్కడి కరెంటుకు అలవాటు పడింది, మన కరెంటు తాకగానే పొగ వదిలింది. మామ దాన్ని విప్పి, కాలినవి మార్చి, కరెంటు తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి చుట్టి బతికించాడు. అప్పటికే వాళ్ళ పిల్లలకు దాని మీద మనసు విరిగింది, ఉంచుకోమని చెప్పి రైలెక్కారు. మామ ఆ సాయంత్రం డబ్బా ఇంటికి తెచ్చి, టీవీకి తగిలించి, మీట నొక్కాడు. కొంగ ఎగిరింది. రాళ్ళ చేను వచ్చింది. మామ అటు తిరిగి, గోడకు చెప్పినట్టు, "ఇగో, నీ చెల్క" అన్నాడు.

అప్పుడు నేను అక్కడే ఉన్నాను, ఛాయ్ తాగుతూ. గ్లాసు కింద పెట్టే చప్పుడు కూడా ఎక్కువనిపించింది. అత్త టీవీని చూసింది, మామను చూసింది, మళ్ళీ టీవీని చూసింది. తెర మీది రాతలన్నీ జపాన్‌వే, ఒక్క ముక్క ఎవరికీ తెలియదు. ఆ ఇంట్లో నెలల తర్వాత మొదటి మాట వినపడింది.

"నీళ్లేడున్నయి?"

అట్లా మొదలైంది. అత్తకు ఆట ఆడటం రాదు, సాగు చేయడం వచ్చు. ఆ ఆటలో ఒక రోజు కొన్ని నిమిషాల్లో గడిచిపోతుంది, పట్టుబట్టి కూర్చుంటే నెల తిరక్కుండా నాలుగు పంటలు తీయవచ్చు. మా అత్త ఒప్పుకోలేదు. ఆమె టీవీలో విత్తు వేసేది బయట మిరుగు వచ్చాకే. ఊళ్ళో మృగశిర కార్తె పడి, మొదటి వాన కురిసి, ఇంట్లో చేపల కూర వండిన రోజే ఆ డబ్బాకు కరెంటు. లోపల వానాకాలం అయిపోయి బయట ఇంకా కురుస్తుంటే, మీట ఆపి ఎదురుచూసేది. దీపావళికి కోత, తర్వాత జొన్న, హోలీ కాగానే డబ్బా మీద గుడ్డ కప్పేది. మళ్ళీ మిరుగు దాకా ముట్టనిచ్చేది కాదు. "ఎండకాలం భూమి పండుకుంటది. దాన్ని లేపుతరా ఎవలన్న?" అనేది. నేను ఆర్థిక దృష్టితో నచ్చజెప్పబోయాను. "అత్తా, గీ లెక్కన కంపెనీ మూతపడ్తది" అన్నాను. అది మూతపడింది కూడా. మా అత్త వల్ల కాదని ఇప్పుడు వీడియో చూశాక తెలిసి కొంత ఊరట కలిగింది.

మామ ఆ ఆటలో చేసిన వ్యవసాయం ఒక్కటే. అత్త వంటింట్లో ఉన్నప్పుడు, లోపలి అంగడిలో ఒక మొక్క కొని, తెచ్చి, చేను నడిమధ్యలో నాటాడు. సరిగ్గా నాగలి తిరిగే చోట. అత్త వచ్చి చూసి మొత్తుకుంది.

"గిదేందయ్యా! నడిమిట్ల చెట్టు వెడ్తరా? దున్నుడెట్ల?"

"సల్లగుంటదని వెట్టిన."

"టీవీల నీడెక్కడిదయ్యా! రేడియోలు ఇప్పుకోపో."

ఆ చెట్టు కాయ కాసింది లేదు. ఏడాదికొకసారి గులాబీ రంగు పూలు పూసి, వాటిని కూడా రాల్చేసేది. ఆటలో గొడ్డలి ఉంది, రెండు దెబ్బలకు చెట్టు పడుతుంది. అత్త ప్రతి ఏడూ మిరుగు నాడు ఆ చెట్టు గురించి మామను తిట్టేది, ప్రతి ఏడూ దాని చుట్టూ తిరిగి దున్నేది. మామ పోయాక తిట్టడం మానేసింది. చుట్టూ తిరగడం మానలేదు.

ఆటోలో పోతుంటే ఇవన్నీ తోసుకుని వచ్చాయి. ఆటో ప్రతి కూడలిలో ఆగుతోంది, నాకేమో ఆ సెల్ ఇప్పుడే, ఈ కూడలిలోనే చచ్చిపోతున్నట్టు ఉంది. అత్త ఇంటికి పోయేసరికి ఆమె గచ్చు మీద నీళ్ళు చల్లి, చాపేసుకుని పడుకుని ఉంది. కంగారుగా సంగతంతా చెప్పాను. విని, "గింతేనా? నీ మొఖం జూసి ఎవలో సచ్చిండ్రనుకున్న" అంది.

"చేను మొత్తం పోతది, అత్తా."

"ఇప్పుడు చేన్ల ఏమున్నది? ఉత్త దుక్కి. మంచిదే గద, మిరుగు రాకముందే సెల్లు మార్పియ్యి. నడి పంటల పోతే గద నష్టం."

"చెట్టు గూడ పోతది."

అత్త లేచి చాప మడిచి గోడకు నిలబెట్టింది. మళ్ళీ పరిచింది.

మామ దుకాణంలో ఇప్పుడు మొబైళ్ళు బాగుచేసే ఒక మరాఠీ ఆయన ఉన్నాడు. పిలిస్తే వచ్చాడు, క్యాసెట్టును అటూ ఇటూ తిప్పి చూశాడు. "మౌశీ, సెల్ నికాలా తో పురానా సబ్ జాయేగా" అన్నాడు. సెల్ తీస్తే పాతదంతా పోతుందన్నమాట. ఇంకో దారి కూడా చెప్పాడు. క్యాసెట్టుకు కరెంటు అందుతుండగానే పాతది ఊడదీసి కొత్తది అతికించవచ్చు, చేను అట్లాగే ఉంటుంది. కానీ చెయ్యి కొంచెం జారితే క్యాసెట్టే కాలిపోతుంది. అప్పుడు చేనూ ఉండదు, ఆటా ఉండదు. అలాంటి క్యాసెట్టు మళ్ళీ దొరకదు, చేసినవాళ్ళే లేరు.

నేను గదిలో తిరగడం మొదలుపెట్టాను. రెండో దారే మంచిదని ఒకసారి, మొదటిదే మేలని ఒకసారి, హైదరాబాద్ పంపుదామని ఒకసారి చెప్పాను. "నువ్వు కాలేజీల గిట్లనే చెప్తుంటివా? పిల్లలెట్ల పాసైండ్రు?" అంది అత్త. తర్వాత డబ్బా మీది గుడ్డ తీసింది. నా ఎరుకలో ఎండాకాలం ఆమె ఆ గుడ్డ తీయడం అదే మొదటిసారి. కొంగ ఎగిరింది. దున్నిన చేను, నడుమ ఆ చెట్టు. పాతికేళ్ళుగా ఆమె చేతిలో ఆడిన ఆ చిన్న మనిషిని నడిపించుకుంటూ పోయి చెట్టు పక్కన నిలబెట్టింది. ఏ మీటా నొక్కలేదు. తెర మీద పొద్దు వాలి ఎర్రబడింది. మరాఠీ ఆయన కూడా చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఎందుకో ఆయనకు తెలియదు. కాసేపటికి అత్త మీట ఆపి, క్యాసెట్టు ఊడదీసి ఆయన చేతిలో పెట్టింది. "సెల్లు తీసే మార్చు. గింత చెట్టు కోసం చెల్క పోగొట్టుకునేదుంటదా? చెల్క పోతే ఎట్లుంటదో నాకెరుకే" అంది.

మిరుగు దాకా నాకు నిద్ర సరిగా లేదు. మబ్బు పడితే బాల్కనీలోకి, మబ్బు పోతే లోపలికి. చివరికి వాన వచ్చింది, గోదావరి చేపలు వచ్చాయి, మా ఆవిడా నేనూ అత్త ఇంటికి పోయాం. కూర పొయ్యి మీద ఉండగా అత్త చేతులు తుడుచుకుని మీట నొక్కింది. కొంగ ఎగిరింది. రాళ్ళ చేను వచ్చింది. పాతికేళ్ళ కిందటి మొదటి సాయంత్రం ఎట్లా ఉందో అట్లాగే. దుక్కి లేదు, కంచె లేదు, చెట్టు లేదు.  అత్త దగ్గరికి జరిగి పరీక్షగా చూసి, "కర్ఖేలి చెల్క గూడ గిట్లనే ఉంటుండె" అంది. ఆపైన నా వైపు తిరిగి, "నీళ్లేడున్నయిరా?" అంది.

చూపించాను. ఆమె రాళ్ళేరింది. మొదట్లో ఆట చేతికిచ్చే కాసిని డబ్బులతో ఎవరైనా విత్తనాలు కొంటారు. మా అత్త అంగడికి పోయి, ఒక మొక్క కొని, తెచ్చి, చేను నడిమధ్యలో నాటింది.

"అత్తా, దున్నుడెట్ల?" అన్నాను.

"తిరిగి దున్నుత" అని, కూర మాడుతుందని వంటింట్లోకి పోయింది.

ఆ చెట్టు పూయాలంటే ఇంకా కొన్ని ఏళ్ళు పడుతుంది. మా అత్త లెక్క ప్రకారం అవి నిజమైన ఏళ్ళు. వాటిలో ఎన్ని మాకున్నాయో ఎవరికీ తెలియదు, తొందరపెట్టడానికి ఆమె ఒప్పుకోదు. ఇన్నాళ్ళూ కాలం గడిచిపోతోందని ఇల్లంతా తిరిగిన నాకు ఈ వానాకాలం మాత్రం అది కొంచెం మెల్లగా, ఒక మొక్క చుట్టూ తిరిగి పోతున్నట్టు అనిపిస్తోంది.