సాక్షులు లేని మోటారు

జమ్మలమడుగు బస్సులో కిటికీ సీటు మీద ఎవరో పరిచిపోయే తువాలు గురించి నాకు ఇప్పటికీ ఫిర్యాదు ఉంది. ఆ ఫ్యాక్షన్ ఏళ్లలో అది ఎవరిదో, ఏ పార్టీదో తెలియకుండా పక్కకు జరపడం ఆరోగ్యానికి మంచిది కాదు. నేను చాలా ఆరోగ్యంగా ప్రొద్దుటూరు దాకా నిలబడే వెళ్లేవాణ్ణి.

అక్కడ ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ ల్యాబు ఇన్‌చార్జిని. పిల్లలకు వైరింగు వచ్చు, లెక్కలు వచ్చు. రిపోర్టు రాయడమే రాదు. అందుకని మార్జిన్‌లో ఎర్ర సిరాతో ప్రశ్నలు రాసిచ్చేవాణ్ణి. వాటికి జవాబులు చేర్చి మళ్లీ రాసుకురావాలి.

ఒక ఏడాది తొండూరు కుర్రాడొకడు ల్యాబులో మోటారు కాల్చాడు. ఆ రిపోర్టు మీద నా సంతకం పడకపోతే వాడికి సోమవారం పరీక్ష లేదు, ఏడాది పోతుంది. వాడు రాసింది రెండే వాక్యాలు: "మోటారు కాలిపోయినది. ఆ సమయమున అచట ఎవరూ లేరు."

"స్విచ్ వేసిందెవరు? రీడింగులు తీసిందెవరు? అప్పుడు ఎవరెవరు ఎక్కడున్నారు?" అని రాసిచ్చాను.

మర్నాడు తెచ్చాడు: "స్విచ్ వేసిన చప్పుడు వినబడినది. చీకటిగా ఉన్నందున మనిషిని గుర్తించలేకపోతిని."

ప్రయోగం జరిగింది పగలు పదకొండింటికి.

శనివారం వాళ్ల నాయనను వెంటబెట్టుకొచ్చాడు. ఆయన నా ప్రశ్నల కింద వేలు పెట్టి నిదానంగా చదివాడు.

"ఇవి నువ్వే అడుగుతాండావా సార్, ఎవురన్నా అడిగిస్తాండారా?"

"నేనేనప్పా. ఇంకొకడు ఇట్లే మోటారు కాల్చకుండా."

"పేరు కాగితం మీదికి ఎక్కితే దిగదు సార్. పులివెందుల్లో కొట్లాట చూసినానని ఒక్క మాట జెప్పి, ఎనిమిదేండ్లు కోర్టు చుట్టూ తిరిగినా."

"ఇది కోర్టు కాదు. ఉన్నదున్నట్టు రాస్తే ఈడనే సంతకం పెడతా."

ఆయన కొడుకు వైపు తిరిగాడు. "రాయిరా. సారు మాటిచ్చినాడు."

వరండాలో కూర్చుని గంటసేపు రాశాడు. చదువుతుంటే నాకు గర్వంగా ఉంది. స్టార్టరు వాడకుండా నేరుగా సప్లై ఇచ్చింది తానేనని, అమ్మీటరు ముల్లు ఎందాకా పోయిందో, ఎన్నో నిమిషానికి పొగ వచ్చిందో, అన్నీ ఉన్నాయి. చివరి వాక్యం ఇది: "ఆ సమయంలో ల్యాబు ఇన్‌చార్జి సారు క్యాంటీనులో రెండో ప్లేటు బజ్జీలు తింటున్నారు."

"ఈ లైను అవసరమా నాయనా?" అన్నాను మెల్లగా. "ప్రిన్సిపాలు గూడా చదువుతాడు దీన్ని."

"ఎవురు యాడుండారో రాయమనింది మీరే గదా సార్."

పెన్ను మూత తీశాను, మళ్లీ పెట్టాను. "అప్పుడు అచట ఎవరూ లేరు, అంటే సరిపోదా?"

వాళ్ల నాయన ఆ చివరి లైను కింద వేలు పెట్టాడు.

"మోటారు కాల్చినోడు పేరు రాసుకున్యాడు. బజ్జీలు తిన్నోనికి ఏమైంది సార్?"