మొసలి కారుకు నేను పెట్టిన వంకలు

మొన్న ఆదివారం మా షెడ్డులో ఉన్న పాత కారు కొంటానని హైదరాబాదు నుంచి ఒక కుర్రవాడు వచ్చాడు. చుట్టూ తిరిగి ఫోనులో ఫొటోలు తీసుకుంటూ, సూపర్ అంకుల్, మస్తుంది అంకుల్ అని ప్రతి అంగుళాన్నీ మెచ్చుకున్నాడు. ఒక్క వంక పెట్టలేదు. మట్టెవాడ బజారులోని మా బట్టల దుకాణంలో పుట్టి పెరిగినవాణ్ణి, కొనవచ్చినవాడు సరుకును పొగుడుతుంటే నాకు ఎక్కడో తేడా కొట్టింది. మా రోజుల్లో మనసుపడ్డ వస్తువునే ముందుగా తిట్టేవాళ్లమని నా ఈడువాళ్లకు వేరే చెప్పాలా?

ఆ తిట్టే విద్యే ఒకసారి నన్ను నిలువునా ముంచబోయింది.

ఏటా రంజానుకు మా దుకాణంలో బట్టలు కొనే కలప వ్యాపారి ఒకాయన ఉండేవారు; నాయనకు దోస్తు, నాకు చాచా. ఆయన వచ్చేది విలాయతీ కారులో. రెండే తలుపులు, బారెడు ముక్కు, ముదురాకుపచ్చ రంగు. దేశాలు దాటి షికార్లు చేసే దొరల కోసం తయారైన బండి అది. మా బజారు దానికి పెట్టిన పేరు మొసలి. అది వచ్చి ఆగిందంటే చుట్టుపక్కల బేరాలన్నీ ఆగిపోయేవి, చేతిలో గజంబద్దతోనే నాయన కూడా గుమ్మంలోకి వచ్చేవాడు. నిక్కర్లు తొడిగే వయసులోనే అది నాదని నేను ఖాయం చేసుకున్నాను. ఆ సంగతి చాచాకు తెలియకపోవడం ఒక్కటే లోటు.

డెబ్బైల చివర్లో చాచాకు చూపు మందగించి, మొసలి రేకుల షెడ్డులో పడకేసింది. అమ్ముతారని తెలియగానే, లారీలు నడిపే మా అక్క భర్తను, అంటే మా బావను, వెంటబెట్టుకుని వెళ్లాను. చాచా చెప్పిన ధర న్యాయమైనదే. కానీ న్యాయమని ఒప్పుకుంటే మట్టెవాడ పరువేం కావాలి? సీట్లు పాత చెప్పుల్లా పగిలాయన్నాను, రెండే తలుపులైతే వెనక కూచున్నవాడు ఎట్లా దిగాలన్నాను, ఇంజనులో దమ్ము లేదన్నాను. చాచా ముఖం చిన్నబోతున్నకొద్దీ ధర దిగుతోందని లోలోపల మురిసిపోయాను. చివరికి ఆయన నా భుజం మీద చెయ్యేశారు.

"నాకైతే కండ్లు కానొస్తలేవు బేటా, నువ్వు చూసి చెప్పినవ్. ఇంత ఖరాబు మాలు దోస్తు కొడుక్కు అంటగడ్తనా? ఎల్లుండి పాత ఇనుపసామానోడు వస్తాండు, వానికి ఇచ్చేస్త. నువ్వు జర మంచి బండి చూసుకో."

దారి పొడుగునా బావ నవ్వు ఆపలేదు. "మస్తు బేరం జేసినవ్ బామ్మర్ది! ఇంకో రెండు వంకలు పెడితె బండితోని నిన్ను గూడ తుక్కుకు ఏస్తుండె."

మర్నాడు పొద్దున్నే పరుగెత్తి, అదే నోటితో సీట్లు పట్టుపరుపులన్నాను, ఇంజను సింహమన్నాను. నిన్నటి ఖరాబు ఇవాళ బంగారం ఎట్లయిందని చాచా నమ్మలేదు. నా మాటకు విలువ పోయింది, ఇక బండే మాట్లాడాలి. పాలంపేట రామప్ప గుడి దాకా ఇంజను ఆగకుండా తీసుకుపోతాను, ఆగితే మీ ఇష్టం, ఆగకపోతే మీరు మొదట చెప్పిన ధరకే నాది అన్నాను. చాచా ఒప్పుకుని తుక్కువాణ్ణి నెలాఖరు దాకా ఆగమన్నారు. మొదటి మాటకే ధర ఒప్పుకున్నానని విని నాయన నాతో మాట్లాడడం మానేశాడు. మా వంశంలో అటువంటి ఘోరం జరగలేదట.

తుప్పుపట్టిన పెట్రోలు టాంకీలో కంకర, కిరసనాయిలు పోసి నేనూ బావా ఉయ్యాల ఊపినట్టు ఊపి తుప్పు రాల్చాం. ఇంజనుకు విలాయతీ బెల్టు ఎక్కడ దొరుకుతుంది, ములుగు రోడ్డున తిరిగే జీపులకు వేసేదే బిగించాం. చిల్లుపడ్డ నీళ్ల గొట్టానికి సైకిల్ ట్యూబు చుట్టాం. నా చొక్కాలు ఉతకలేక మా ఆవిడ, ఆ మొసలితోనే కాపురం చెయ్యమంది.

అనుకున్న రోజున చాచాను పక్కన కూచోబెట్టుకుని, బావను వెనక సీట్లో కుక్కి బయలుదేరాను. ములుగు దాటాక ఎత్తు ఎక్కుతుంటే మేకల మంద రోడ్డు నిండా పరుచుకుంది. ఇంజను వేడి చూపే ముల్లు పైకి పాకుతోంది, బండి నిలబడితే ఇంజను తప్పకుండా ఆగిపోతుంది. దిగి తోలదామంటే బావకు దారి లేదు, నేను పెట్టిన రెండు తలుపుల వంక అక్కడ నిజమైంది. అప్పుడు, నిన్నమొన్నటి దాకా బండిని తుక్కుకు వేస్తానన్న మా చాచా, కిటికీలోంచి సగం బయటికి వంగి చేతికర్రతో తలుపును దబదబా బాదారు.

"హట్! హట్! జరుగున్రి! నా బండి ఆగొద్దు!"

మేకలు చెదిరిపోయాయి, తలుపుకు మాత్రం ఒక సొట్ట పడింది. రామప్ప గుడి ముందు చాచా దిగి, ఇంకా ఆడుతున్న ఇంజను మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డారు. ధర తగ్గిస్తానన్నారు కూడా. జన్మలో మొదటిసారి నేను వద్దన్నాను.

తిరిగొచ్చి మట్టెవాడలో కావాలనే మెల్లగా నడిపాను. బేరాలన్నీ ఆగిపోయాయి. గజంబద్దతో గుమ్మంలోకి వచ్చిన నాయన ముందు సీటు ఎక్కి కూచుని, హారన్ సరిగా మోగడం లేదన్నాడు. అది ఆయన మెచ్చుకోలు.

ఇప్పుడు ఆ బజారులో అద్దాల తలుపులు, ప్రతి బట్టకూ అచ్చువేసిన ధర. వంక పెట్టేవారూ లేరు, ఆ వంకను నమ్మి మన మేలు కోరే చాచాలూ లేరు. కుర్రవాడు వెళ్లబోతూ, ఈ సొట్ట ఒక్కరోజులో తీయించేస్తానంకుల్ అన్నాడు. అమ్మనని చెప్పి పంపేశాను. తర్వాత గుడ్డ తీసుకుని దుమ్ము తుడుస్తూ, అలవాటు కొద్దీ దాని వంకలన్నీ పైకే చదివాను, సీట్లూ తలుపులూ ఇంజనూ అన్నీ. సొట్ట దగ్గరికి వచ్చేసరికి నోరు రాలేదు.