పాటకు కుంచించుకుపోయిన ఫ్లానల్

టెగ్వెన్ పాట పాడి నలభై గజాల ఉన్ని బట్టను ముప్ఫై గజాలకు కుదించేసింది. మా టైవీ లోయలో అది కళ్ళారా చూసినవాణ్ణి. సరే, ఒక్కతే కాదు, అరవై మంది పాడారు. కాళ్ళ పని కూడా కొంత ఉందనుకోండి.

అప్పట్లో మా వాగు పొడవునా ఏడు మిల్లులు. ఏ గుమ్మంలో నిలబడ్డా మగ్గాల చప్పుడు, తడి ఉన్ని వాసన. ఇప్పుడా వాసన కోసం వానలో గొర్రెల వెనక నడుస్తుంటాను.

ఆ వేసవి వాగు ఎండి యొర్వెర్త్ మిల్లు చక్రం ఆగింది. నేసిన బట్టను తడిపి దంచితేనే ఫ్లానల్ అవుతుంది. దంచే సుత్తులను ఆడించేది ఆ చక్రమే. శనివారానికి సరుకు అందకపోతే బొగ్గుగని కూలీల చొక్కాలకు ఫ్లానల్ కొనే వర్తకుడు యార్క్‌షైర్ మిల్లులకు పోతాడు, మిల్లు మూతపడుతుంది, అక్కడ మగ్గం నేసే టెగ్వెన్ పట్నంలో ఎవరింట్లోనో అంట్లు తోముకోవాలి.

"మా అవ్వ కాళ్ళతో తొక్కేదయ్యా," అంది యజమాని యొర్వెర్త్‌తో.

"నలభై గజాలా? నీ రెండు కాళ్ళతోనా?"

"రెండు చర్చీల వాళ్ళనీ పిలుస్తా."

"వాళ్ళా! స్వర్గంలో కూడా ఒక బల్ల మీద కూర్చోరమ్మా!"

వచ్చారు. పొడవాటి తొట్టిలో ఈ చివర మెథడిస్టులు, ఆ చివర బాప్టిస్టులు. కాథలిక్కుల కాన్వెంటులో చదివానని నన్నెవరూ చేర్చుకోలేదు. మధ్యలో నిలబడి సబ్బు నీళ్ళు పోశాను. అడుగు కలవడానికి పాట ఎత్తారు. పాట ఒకటే, కానీ మెథడిస్టులది నిదానం, బాప్టిస్టులది జోరు.

"ఓయ్ బావా, మెల్లగా! ఇది పెళ్ళి ఊరేగింపు కాదు!"

"మీదేమన్నా శవయాత్రా? తొక్కండయ్యా!"

టెగ్వెన్ గొంతు చించుకుని తాళం వేసింది. ఒక్కరూ వినలేదు.

ఎంత తొక్కితే అంత దగ్గరపడుతుంది ఉన్ని. మెథడిస్టుల చివర మెత్తటి ఫ్లానల్ తేలింది, బాప్టిస్టుల చివర అట్ట. యొర్వెర్త్ తల పట్టుకున్నాడు. టెగ్వెన్ మాత్రం ఆ అట్టనే శనివారం వచ్చిన వర్తకుడి భుజాన కప్పి, "గనిలో నీళ్ళు కారినా ఇది దాటి చలి రాదండీ," అంది.

అతను కాసేపు దాన్ని తడిమి చూశాడు. "ఇలాంటిదే ఇంకో నలభై గజాలు కావాలి."

మిల్లు మరో ఇరవై ఏళ్ళు నడిచింది.

మొన్న ఆదివారం ఇదంతా టెగ్వెన్‌కు చదివి వినిపించాను. ఎనభై ఏడేళ్ళ మనిషి, అల్లిక ఆపలేదు.

"ఒక్క ముక్క నిజం లేదు. ఆ ఏడాది వాన ఆగిందెప్పుడు? బాప్టిస్టులు మా మిల్లు గడప తొక్కిందెప్పుడు? నేనసలు పాడనే పాడను, తమ్ముడూ."