వెల చెప్పని నీళ్లు: బీదర్‌లో ఒక రోజు

"నువ్వు మాట్లాడకున్నా సరే అక్కా, పక్కన కూచుంటే చాలు" అంది మా ఆఖరి చెల్లెలు కరుణ. నేను బయల్దేరింది అందుకే. కరుణ అర్థశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. మనం ఫోన్‌లో ఏదడిగినా జవాబు చెప్పే కృత్రిమ మేధ ఉంది కదా, దాన్ని నడిపే కంప్యూటర్లు పెద్ద పెద్ద భవనాల్లో రాత్రింబవళ్లు వేడెక్కుతుంటాయి. చాలాచోట్ల వాటిని నీళ్లతో చల్లారుస్తారు. ఆ నీళ్లు పోతే చుట్టుపక్కల ఊళ్లకు జరిగే నష్టం ఎంత అన్నది తన ప్రశ్న. కర్ణాటకలో బీదర్ పక్కనున్న కొల్హార్‌లో అలాంటి భవనం వస్తుందని, నీళ్లు జనవాడ వైపు నుంచి తెస్తారని ఒక మాట వినబడుతోంది. జనవాడ మా అమ్మమ్మ ఊరు. ఈ వారంలో లెక్క పూర్తిచేస్తే ఢిల్లీ సభలో కరుణ తన వ్యాసం చదవొచ్చు. పెళ్లయి, పిల్లలు పెరిగాక మళ్లీ చదువు పట్టిన మనిషికి అది చిన్న సంగతి కాదు.

పటాన్‌చెరులో ఉదయం ఆరింటికి బస్సెక్కాం. టికెట్టు రెండు వందల పైచిలుకు. జహీరాబాద్ దాటాక మంచు దట్టంగా కమ్మింది. కంది చేలు, ఎర్రమట్టి గట్లు, దూరంగా ఎవరో సైకిల్ మీద, అన్నీ తేలుతున్నట్టే ఉన్నాయి. మనసులో కీర్తన పాడుకుంటున్నాను. పాట ఎక్కడ ఆగిందో, నిద్ర ఎక్కడ పట్టిందో తెలియలేదు. తొమ్మిది దాటాక బీదర్ బస్టాండులో దిగి, ఎదురుగా ఉన్న హోటల్లో ఉప్పిట్టు, అదే మన ఉప్మా, తిని చాయ్ తాగాం.

పొద్దున జనవాడలో అందరూ చేలల్లో ఉంటారని ముందు నౌబాద్ వెళ్లాం. అక్కడ నేల కింద సుల్తానుల కాలం నాటి నీటి కాలువ ఉంది, కరేజ్ అంటారు. పైన వరసగా బావుల్లాంటి నోళ్లు తప్ప ఇంకేమీ కనిపించదు. ఆటో నడిపే ఖాసిం మమ్మల్ని ఒక నోటి దగ్గర ఆపాడు.

"చూస్తే ఏం కనబడది అమ్మా. జర ఊకుండి వినుండ్రి."

విన్నాం. ముందు పావురాల రెక్కలు. తర్వాత చాలా లోతులో ఏదో సన్నగా, నిద్రలో ఎవరో మాట్లాడినట్టు. అది నీళ్లేనా, నా ఊపిరేనా, నేను చెప్పలేను. కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకున్నాను. తెరిచేసరికి మంచు విడిపోతోంది.

జనవాడలో రత్నమ్మ ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం రెండు. మా అమ్మమ్మ ఇంటి పక్కిల్లు. ఆమెది నా ఈడే. చేను చివర బావి ఉంది, వీధిలో సగం మంది తాగేది ఆ నీళ్లే. అడక్కముందే చెంబుతో నీళ్లిచ్చి, జొన్నరొట్టె పెట్టింది. కరుణ తను వచ్చిన పని చెప్పింది.

"ఏందే చెల్లె, అడిగితె జవాబు చెప్పే మిషన్లా?" అంది రత్నమ్మ. "మా అత్త లేదా? అడగకున్నా చెప్తది. ఇంత చాయ్ పోస్తె చాలు, చల్లగ ఉంటది."

లోపలి నుంచి ముసలామె గొంతు. "వింటున్ననే!"

"సూసినవా, కరెంటు పోయినా నడుస్తది."

కరుణ నవ్వు ఆపుకుని అసలు ప్రశ్న అడిగింది. "రత్నమ్మక్కా, ఎండకాలంల నీ బావి రోజుకో గంట తక్కువ పారిందనుకో. దానికి ఎంత ఇస్తె నీకు సరిపోతది?"

"ఎవలిస్తరు?"

"ఎవలో ఒకలు. ఊకె అనుకో."

"ఊకె ఎట్ల అనుకుంట? తాగే నీళ్లకు ధర చెప్తె, రేపు ఆ గిరాకి నిజంగనే వస్తడు. నేను చెప్ప."

ఇంకో నాలుగిళ్లు తిరిగాం. ఒకాయన మాత్రం వెంటనే ఒక అంకె చెప్పాడు. మిగతావాళ్లు నీళ్లిచ్చారు, చాయ్ ఇచ్చారు, ధర చెప్పలేదు. కరుణ ముఖం వాడిపోయింది. తిరిగి రత్నమ్మ అరుగు మీదే కూర్చున్నాం.

"ధర చెప్పనోళ్లను ఏం చేస్తవు?" అడిగాను. పొద్దుటి నుంచి నేను అడిగిన మొదటి ప్రశ్న అదే.

"తీసేస్తం అక్కా. లేకుంటె సున్న వేస్తం. పద్ధతి అట్లనే ఉన్నది."

జొన్నలు చెరుగుతున్న రత్నమ్మ చాట పక్కన పెట్టింది. "నా బాయి సున్ననా?"

కరుణ చేతిలోని కాగితాలు మడిచింది.

"అమ్మనంటె సున్న, అమ్ముతనంటె పైసలా? మంచిగున్నది మీ చదువు."

కరుణ లేచి వాకిట్లోకి వెళ్లి తన గైడ్‌కి ఫోన్ చేసింది. ఇటువైపు మాటలే నాకు వినిపించాయి. "లేదు సార్... తీసెయ్యను. ఇట్లా పంపిస్తే ఆ భవనానికి నీళ్లు ఉత్తపుణ్యానికి వచ్చినట్టు తేలుతుంది... తెలుసు సార్, ఢిల్లీ ఉండదు. ఎందుకు చెప్పలేదో ఇంటింటికీ వెళ్లి మళ్లీ అడుగుతాను." ఫోన్ పెట్టేశాక కాసేపు గోడకు ఆనుకుని నిలబడింది. నేను దగ్గరికి వెళ్లి తల మీద చెయ్యి వేశాను. అలా వేసి ఎన్నాళ్లయిందో.

"తప్పు చేసిన్నా అక్కా?"

"లేదు."

ఆ రాత్రి అక్కడే ఉండిపోయాం. నేను ఒక్క చూపు చూస్తే మాట మార్చుకునే చిన్నపిల్ల ఒకప్పుడు మా ఇంట్లో ఉండేది. ఇప్పుడు ఎవరి చూపూ అవసరం లేకుండా తనే తేల్చుకుంది. కృత్రిమ మేధ మంచిదో చెడ్డదో తీర్పు చెప్పేంత చదువు నాకు లేదు. నా ఫోన్‌లోనూ ఉంది, అప్పుడప్పుడు అడుగుతాను. కానీ ఇప్పుడు అడిగేముందు ఒక క్షణం ఆగుతున్నాను. ఆ క్షణంలో బావులు, చేలు, చెంబు పట్టుకున్న చేతులు మంచులోంచి వచ్చినట్టు వచ్చి పోతాయి. దేవుడు ఎవరికీ బిల్లు వెయ్యకుండా ఇచ్చినదాన్ని మనుషులు లెక్కల పట్టికలో ఏ గడిలో రాస్తారో నాకు తెలియదు. ధర చెప్పనివాళ్ల కోసం కరుణ కొత్త గడి గీస్తోంది. ఆలస్యమవుతుంది, కానివ్వండి.

ఇలాంటి పని మీద జనవాడ వైపు వెళ్లేవాళ్లకు ఒక్క మాట. బీదర్‌కు సాయంత్రం తిరుగు బస్సుందని ఒక్కరోజులో ముగించుకోవాలని చూడకండి, ఒక రాత్రి బస పెట్టుకుని వెళ్లండి. మొదటి రోజు వాళ్లు మీ ప్రశ్న వింటారు, అంతే. ధర ఎందుకు చెప్పలేదన్న ప్రశ్నకు మాకు రత్నమ్మ జవాబు చెప్పడం మొదలుపెట్టింది మర్నాడు పొద్దున, బావి దగ్గర బిందె నింపుకుంటూ.