జీపు మామ ఎడమచెయ్యి

ఆ రోజుల్లో నాకు మనుషుల కన్నా మిషన్ల మీద నమ్మకం ఎక్కువ. ఫిజియోథెరపీ చదువు ముగించి, కరీంనగర్‌లో కొన్నాళ్ళు ఖాళీగా తిరిగి, చివరికి హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో కుదురుకున్నాను. వాళ్ళ దగ్గర కదలికలను పసిగట్టే కెమెరా ఒకటుండేది. పక్షవాతం వచ్చిన మనిషి దాని ముందు కూర్చుని చెయ్యి లేపితే, ఎంత ఎత్తుకు లేపాడో, ఎక్కడ ఆగిపోయాడో కొలిచి చెప్పేది. వ్యాయామం విసుగు పుట్టించకూడదని దాన్ని ఆటగా మార్చారు. టీవీ తెర మీద ఒక మామిడిచెట్టు, దాని కింద పుల్లలు అతికించినట్టు ఒక మనిషి బొమ్మ. మనం చెయ్యి లేపితే బొమ్మ కూడా లేపి కాయ తెంపుతుంది, మార్కులు పడతాయి. ఏసీ గదిలో ముచ్చటగా పనిచేసే ఈ సరంజామా పల్లెటూళ్ళో ఏమాత్రం పనిచేస్తుందో చూసి రమ్మని నన్ను ఉట్నూర్ వైపు పంపారు. (పంపేటప్పుడు "నువ్వు ఆ వైపువాడివే కదా" అన్నారు. హైదరాబాదు వాళ్ళ లెక్కలో కరీంనగర్, ఆదిలాబాద్ పక్కపక్క వీధులు.)

నాకు అప్పగించిన మొదటి మనిషి ఇచ్చోడ నుంచి ఉట్నూర్ పోయే దారిలో, కాస్త లోపలికి ఉన్న ఊళ్ళో ఉండేవాడు. ఏళ్ళ తరబడి అడవి ఊళ్ళకు జీపు తోలినవాడు కాబట్టి ఊరంతా జీపు మామ అనేవారు. పక్షవాతం వచ్చి కాలు కొంత దారికొచ్చింది గాని, ఎడమచెయ్యి మాత్రం ఒళ్ళో పడేసిన తువ్వాలులాగా ఉండిపోయింది. జీపుకు గేరు మార్చేది ఎడమచేత్తోనే. ఆ చెయ్యి లేకపోతే తాను లేనట్టేనని ఆయన నాతో మొదటిరోజే అన్నాడు.

ఇక ఆయన భార్య. నేను అత్తా అని పిలిచేవాణ్ణి. ఆవిడ అనుమానించని వస్తువు ఆ ఇంట్లో లేదు. నేను పెట్టె విప్పి కెమెరా బిగించి, మామను దాని ముందు కూర్చోబెట్టగానే తెర మీద పుల్లల బొమ్మ లేచి నిలబడింది. ఆవిడ దాన్ని చూసి, నన్ను చూసి, మళ్ళీ దాన్ని చూసింది.

"గివి మా ఆయన బొక్కలా సారూ?"

"ఎముకల్లాంటివే అత్తా."

"బొక్కలు కనవడ్తున్నయంటే, మరి బట్టలు ఏడవోయినయి?"

ఆ కెమెరాకు బట్టల లోపల ఏమీ కనిపించదని, కీళ్ళు ఎక్కడున్నాయో ఊహించి గీతలు గీస్తుందని చెప్పాను. "ఊహిస్తదా! గది ఇంకా ఖరాబు" అని ఆవిడ లోపలికి వెళ్ళి నల్ల గొంగడి తెచ్చి, మామను మెడ నుంచి పాదాల దాకా చుట్టేసి, ఎడమచెయ్యి ఒక్కటి బయట పెట్టింది. అంతటితో ఆగక, ఆ పెట్టె ఏం చేస్తుందో కనిపెట్టడానికి రోజూ ఆయన కుర్చీ వెనకే కాపలా నిలబడింది. పైగా ఊరికే నిలబడేది కాదు. "గట్ల గాదు, గిట్ల లేపు. జర పైకి!" అంటూ తన చెయ్యి లేపి చూపించేది.

మార్కులు మాత్రం అదిరిపోయాయి. మొదటి వారం అరవై, రెండో వారం డెబ్భై, తర్వాత ఎనభై. నేను టీవీ తెర మీద నుంచి చూపు తిప్పకుండానే "శభాష్ మామా!" అనేవాణ్ణి. రోజూ సాయంత్రం గ్రాఫు పంపేవాణ్ణి. మా పైఅధికారికి గ్రాఫుల పిచ్చి (ఆయన్ని మేం చాటుగా గ్రాఫు సార్ అనేవాళ్ళం). మూడో వారం ఫోన్ చేసి, "మనిషి బాగైపోయాడుగా. కేసు మూసేసి పెట్టె తెచ్చెయ్" అన్నాడు.

అప్పుడు పుట్టింది నాకు అనుమానం. ఎనభై మార్కుల చెయ్యి చాయ్ గ్లాసు పట్టుకోదేం? నేను ఎప్పుడు పోయినా అత్తే తాగిస్తోంది. మామ నాటకమాడుతున్నాడని తీర్మానించుకున్నాను. కూర్చోబెట్టి సేవలు చేస్తుంటే ఎవరికి మాత్రం చెయ్యి లేస్తుంది? దొంగను పట్టుకోవాలని మర్నాడు చెప్పకుండా మధ్యాహ్నం వేళ వెళ్ళి, వాకిట్లో ఉన్న పత్తి కుప్ప వెనక నక్కి కూర్చున్నాను.

మామ అరుగు మీద ఒంటరిగా ఉన్నాడు. అంగీ గుండీ పెట్టుకోవడానికి తంటాలు పడుతున్నాడు. అంగీ అంచు పళ్ళతో పట్టుకుని, కుడిచేత్తో గుండీ దూర్చబోతే జారిపోయింది. మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ జారింది. కాసేపు ఆగి, కుడిచేత్తో ఎడమచేతిని నిమురుతూ, పసిపిల్లను బతిమాలినట్టు "లేవే, జర లేవే" అన్నాడు. ఆ మాట నా కోసం ఆడిన నాటకం కాదు. నేనక్కడ ఉన్నట్టే ఆయనకు తెలియదు.

తల దించుకున్నాను. అదే సమయానికి వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఏం సారూ, దొంగ లెక్క పత్తి ఎనుక ఏం జేస్తున్నవ్?"

"సిగ్నల్... సిగ్నల్ కోసం అత్తా."

"పత్తిల దొరుకుతదా సిగ్నల్?" అని నన్ను పైనుంచి కిందికి చూసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి వెంటనే కెమెరా బిగించాను. మామ తానే గొంగడి చుట్టుకుని కూర్చున్నాడు. తెర మీద మామిడిచెట్టు ఉంది, కాయలున్నాయి. మనిషి లేడు. వైర్లు పీకి పెట్టాను. ఎండ పడుతోందేమోనని తలుపు మూశాను. లేడు. అంతలో అత్త చెంబుతో నీళ్ళు తెచ్చి కుర్చీ వెనక నిలబడింది. టక్కున పుల్లల మనిషి ప్రత్యక్షమయ్యాడు. "ఏమైంది, లేపు మరి. గిట్ల!" అని ఆవిడ చెయ్యి ఎత్తింది. మామిడికాయ తెగింది. పది మార్కులు పడ్డాయి.

గొంగడి మూటను కెమెరా అసలు మనిషిగానే గుర్తుపట్టలేదు. మూడు వారాలుగా నేను వైద్యం చేసింది నిక్షేపంలా ఉన్న అత్త చేతికి.

"మామా, నీ చెయ్యి లేస్తలేదని ఒక్కనాడన్న చెప్పలేదేంది?" అన్నాను.

"నువ్వు నా దిక్కు జూస్తెనే గద సారూ, చెప్పేది! గా టీవీ దిక్కే జూసుకుంట శభాష్ అంటివి. సదువుకున్నోడివి. నాకు దెల్వకుంట నా చెయ్యి ఏడనో లేస్తున్నదేమో అనుకున్న."

ఆ సాయంత్రం గ్రాఫు సార్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఉద్యోగం పోతుందని బట్టలు కూడా సర్దుకున్నాను. ఎనభై నుంచి సున్నాకు పడిన గ్రాఫు చూసి ఆయన, "ఆ మనిషిని నువ్వేం చేశావ్?" అన్నాడు. నేను చెప్పింది నమ్మడానికి ఆయనకు రెండు రోజులు పట్టింది. నమ్మాక మాత్రం ఇంకొన్ని నెలలు అక్కడే ఉండి పని నేర్చుకో అన్నాడు.

నేర్చుకున్నాను. ముందు అత్తనే కెమెరా ముందు నిలబెట్టి ఆవిడ బొమ్మ ఆవిడకే చూపించాను. అటు తిరిగి, ఇటు తిరిగి, "గీమె నా కన్న సన్నగున్నది, ఏం కనవడ్తలేదు తియ్" అని గొంగడి తీసేయడానికి ఒప్పుకుంది. ఎండ పడని కొట్టంలోకి కుర్చీ మార్చాం. కెమెరాకు కనిపించేంత మేర నేల మీద సుద్దతో గీత గీసి, దాటి రావద్దని అత్తకు దండం పెట్టాను. "మామిడికాయలు నాకెందుకు సారూ, గేరు పెట్టు" అని మామ అంటే, ఆఫీసు వాళ్ళతో పోరి చెట్టు తీయించి గేరు రాడ్డు బొమ్మ పెట్టించాను. రోజూ మొదట నా చేత్తో ఆయన చెయ్యి పట్టుకుని చూసి, ఆ తర్వాతే తెర చూసేవాణ్ణి. వేళ్ళు ముడుచుకోవడానికే నెల దాటింది. మరో మూడు నెలలకు, ఆగి ఉన్న జీపులో కూర్చుని మామ మొదటి గేరు వేశాడు. ఆ రోజు నేను అంగట్లో జిలేబీ కొని తెచ్చి కొట్టంలో పంచాను.

ఎండాకాలం మొదట్లో నాకు బదిలీ అయింది. అప్పటికి పెద్దాసుపత్రి డాక్టర్లు కూడా చూసి, మెల్లగా తోలుకోవచ్చని మామకు చెప్పారు. వెళ్ళే రోజు పొద్దున వాకిట్లోకి వచ్చి చూస్తే, జీపు కడిగి తుడిచి సిద్ధంగా ఉంది. మామ స్టీరింగు ముందు ఇస్త్రీ అంగీలో, గుండీలన్నీ పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎక్కు సారూ. ఇచ్చోడ దాక నేనే దింపుతా."

ఆ చెయ్యి గురించి అన్నన్ని కాగితాలు రాసింది నేనే. ఒక్కో వేలూ ఎంత వంగుతుందో నాకు తెలుసు. అయినా ఒక అడుగు వెనక్కి వేశాను. "ఎందుకు మామా నీకు తకలీఫ్... బస్సొస్తది గద" అని గొణిగాను.

అత్త నన్ను ఎగాదిగా చూసి, కొంగు నడుముకు చెక్కి, ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. "సారుకు ఆయన వైద్యం మీదనే నమ్మకం లేనట్టున్నది. నువ్వు నడువు, అంగడి జేసుకొనొద్దాం" అంది.

నేను బస్సులో కిటికీ పక్కన కూర్చుని పోతుంటే, ఇచ్చోడ చేరకముందే ఆ జీపు హారన్ కొట్టి మమ్మల్ని దాటిపోయింది. అత్త బయటకు తల పెట్టి ఏదో కేకేసింది గాని వినిపించలేదు. నాకిప్పుడు కరీంనగర్‌లో సొంత క్లినిక్ ఉంది, అప్పటి దానికన్నా మంచి కెమెరాలున్నాయి. అప్పుడప్పుడు పని మధ్యలో, సంచి ఒళ్ళో పెట్టుకుని బస్సులో ముడుచుకు కూర్చున్న ఆ కుర్ర డాక్టరు గుర్తొస్తాడు. వాణ్ణి దింపి, జీపు వెనక సీట్లోకి తోసేయాలనిపిస్తుంది.