వదినా, నేనూ, హౌస్ మ్యూజిక్

మా వదినకి ఏడో నెలలోనే నొప్పులొచ్చాయి. బిడ్డ ఊపిరి లేకుండా పుట్టింది. నేనప్పుడు ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. ఆమె ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన తర్వాతి నెలల్లోనే మేమిద్దరం ఒక కొత్తరకం సంగీతంలో పడ్డాం. ఈ రెండు సంగతుల్నీ విడదీసి చెప్పడం నాకు చేతకాదు.

నాన్న పశ్చిమ గోదావరి నుంచి స్టీల్ ప్లాంట్ ఉద్యోగానికి వచ్చారు. మేం టౌన్‌షిప్ క్వార్టర్‌లోనే పుట్టి పెరిగాం. అన్నయ్య పోర్టులో క్రేన్ ఆపరేటర్. వదినది తగరపువలస అవతల ఒక పల్లె, వ్యవసాయ కుటుంబం. గాజువాకలో ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసేది. మా ఇంట్లో గోదావరి మాట, ఆమె నోట ఉత్తరాంధ్ర మాట. పెళ్లయిన కొత్తలో ఆమె 'నాను' అంటే అమ్మ సరిదిద్దబోయేది. ఆమె నవ్వి ఊరుకునేది గానీ మార్చుకోలేదు. నేను వయసులో చిన్నదాన్నయినా నన్ను కూడా వదినా అనే పిలిచేది.

బిడ్డని ఆమెకి చూపించలేదు. అమ్మ, వాళ్లమ్మ, ఆసుపత్రిలో నర్సు అందరూ ఒకటే మాటన్నారు. చూస్తే మర్చిపోలేదు, చూడకపోతే త్వరగా కోలుకుంటుంది అని. ఆమెకి మెలకువ వచ్చేసరికి అంతా అయిపోయింది. ఇంటికొచ్చాక ఆ సంగతి ఎవరూ ఎత్తకూడదని ఎవరూ చెప్పకుండానే అందరం అనుకున్నాం.

ఆమె మళ్లీ ల్యాబ్‌కి వెళ్లడం మొదలుపెట్టింది. వంట చేసేది, బట్టలు మడతపెట్టేది, అడిగినదానికి జవాబు చెప్పేది. ఒక్క పాటలు మాత్రం భరించలేకపోయేది. టీవీలో పాట రాగానే లేచి వెనక వరండాలోకి వెళ్లిపోయేది. అంతకుముందు కూరగాయలు తరుగుతూ కూడా పాడే మనిషి. పాటల్లో ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని పిలుస్తూనే ఉంటారు కదా, కన్నా అనో, చిన్నా అనో. కొన్నాళ్లకి అమ్మ టీవీ పెట్టడమే మానేసింది. సాయంత్రాలు ఇంట్లో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు.

మా కంప్యూటర్ ముందు గదిలో ఉండేది. ప్రాజెక్టు పని మీద ఏదో వెతుకుతూ నేనొక బ్లాగులోకి వెళ్లాను. ఎక్కడో చలిదేశంలో, అదీ మాలాగే ఓడరేవు ఊళ్లోనే, ఉండే మనిషి రాసుకుంటున్న బ్లాగది. రోజుకొక పాట గురించి రెండు పేరాలు రాసి, కింద డౌన్‌లోడ్ లింకు పెట్టేవాడు. హౌస్, టెక్నో అనే ఎలక్ట్రానిక్ డాన్సు సంగీతాలు అప్పటికి నాకు పేర్లుగా మాత్రమే తెలుసు. ఒక లింకు నొక్కాను. పాట దిగడానికి చాలాసేపు పట్టింది. దిగాక స్పీకర్లలో పెట్టాను.

మొదట డ్రమ్ము ఒక్కటే కొడుతూ ఉంది. చాలాసేపటి వరకూ అంతే. తర్వాత ఎక్కడో దూరంగా ఒక స్వరం వచ్చి చేరింది, మెల్లగా పెరిగింది. నేను చేయి మౌస్ మీద వేసుకుని కట్టేద్దామా అనుకుంటుంటే వంటగది గుమ్మంలో వదిన నిలబడి ఉంది.

"ఆ సౌండేటి వదినా?"

"ఏదో విదేశాల సంగీతం. ఆపేయనా?"

"ఆపీకు." కాసేపు విని, "ఇందులో మాటల్నేవా?" అంది.

"లేవు."

"అయితే ఉండనీ."

వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. పాట అయ్యేదాకా కదల్లేదు. అయ్యాక, "ఇలాటివి ఇంకా ఉన్నాయా?" అని అడిగింది.

ఉన్నాయి. ఆ బ్లాగు పక్కన ఇంకో పది బ్లాగుల పేర్లుండేవి, వాటి పక్కన మళ్లీ వేరేవి. నేను కాలేజీ నుంచి, ఆమె ల్యాబ్ నుంచి వచ్చాక టీ కప్పులతో కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లం. కొన్ని లింకులు పనిచేసేవి కావు. కొన్ని సగం దిగి ఆగిపోయేవి. పడుకునే ముందు పెట్టి వదిలేస్తే తెల్లారి లేచి చూసుకునేవాళ్లం, ఏవి దిగాయో, ఏవి దిగలేదో అని. ఆమె నాకంటే ముందు లేచి చూసేది.

వాళ్లేం రాశారో కూడా కావాలి ఆమెకి. "సదివి సెప్పు" అనేది. నేను తెలుగులో చెప్పడానికి అవస్థపడేదాన్ని. ఒకసారి ఆ ఓడరేవు మనిషి ఒక పాట గురించి, ఇది రాత్రంతా కురిసి వెలిసిన వాన లాంటిది అని రాశాడు. పాట విన్నాక ఆమె తల అడ్డంగా ఊపింది.

"వాన కాదు. మా ఊర్లో మోటారు ఆపేసినాక కూడా కాసేపు కాలవలో నీళ్లు నడుస్తాయి. అలగుంది."

నేనింకోసారి పెట్టి విన్నాను. ఆమె చెప్పినట్టే ఉంది.

ఎందుకు నచ్చిందో ఒకరోజు తనే చెప్పింది. "ఈ పాటకి మొదలవడానికే సానా సేపు పడతాది. తొందరేటీ నేదు. నన్నేటీ అడగదు."

నేను ఏదైనా అంటే ఆ మాట ఆగిపోతుందని ఊరుకున్నాను.

చలికాలంలో ఒక సైటులో చూశాను, బీచ్ రోడ్డులో ఒక హోటల్‌వాళ్లు ఆదివారం సాయంత్రం ఎలక్ట్రానిక్ సంగీతం పెడుతున్నారని. బెంగళూరు నుంచి ఒక డీజే వస్తున్నాడు. అతని మిక్స్ ఒకటి అప్పటికే మా దగ్గర ఉంది, ఆమెకి ఇష్టం కూడా. వెళ్దామా అని అడిగితే వెంటనే వస్తానంది. నేను బతిమాలాల్సి వస్తుందనుకున్నాను. అమ్మతో, పాటలు వినడానికి వెళ్తున్నామని చెప్పాం.

"కచేరీయా?" అంది అమ్మ.

"అలాంటిదే" అన్నాను.

అన్నయ్యకి ఆ రోజు మధ్యాహ్నం షిఫ్టు. బస్సు పోర్టు రోడ్డు మీదుగా వెళ్తుంటే గోడల మీద నుంచి క్రేన్లు కనిపించాయి. వదిన కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. చుడీదార్ వేసుకుని, జడ గట్టిగా అల్లుకుంది. బొట్టు పెట్టుకుంది. బొట్టు పెట్టుకోవడం నేను చాలా రోజుల తర్వాత చూశాను.

హోటల్ గుమ్మం దగ్గర సెక్యూరిటీ అతను మమ్మల్ని చూసి తటపటాయించాడు.

"ఇద్దరేనా అమ్మా? మగోలెవులూ నేరా?"

"లేరు" అన్నాను.

"సరే ఎల్లండి. ఇంకా ఎవులూ రానేదు."

నిజమే, హాల్లో ఎవరూ లేరు. మేం మరీ పెందలాడే వెళ్లాం. సముద్రం వైపు అద్దాల్లోంచి ఇంకా వెలుతురు వస్తోంది. బారు దగ్గర ఇద్దరు కుర్రాళ్లు గ్లాసులు తుడుస్తున్నారు. ఆ చివర బల్ల వెనక డీజే, హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకుని, తనకోసమే వాయించుకుంటున్నాడు. ఇంటి స్పీకర్లలో మేం విన్నదానికీ ఇక్కడి ధ్వనికీ పోలిక లేదు. ఇక్కడ అది నేలలోంచి వచ్చి కాళ్లలోకి ఎక్కుతోంది. నా గుండె దాని లెక్కలో పడిపోయిందేమోనని భయమేసింది.

నేను గోడవార కుర్చీ వెతుక్కున్నాను. వదిన కూర్చోలేదు. నడుచుకుంటూ వెళ్లి హాలు మధ్యలో, పెద్ద స్పీకర్లకి ఎదురుగా నిలబడింది. కాసేపు ఊరికే నిలబడింది. తర్వాత ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకోవడం మొదలుపెట్టింది. డాన్సు అనడానికేమీ లేదు. ఒక చేయి కడుపు మీద పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. అలాగే చాలాసేపు ఊగుతూ ఉంది. దగ్గరికి వెళ్తే మొహమంతా తడిసిపోయి ఉంది. ఏడుస్తున్న చప్పుడు మాత్రం ఆ హోరులో వినిపించలేదు.

డీజే ఒకసారి తలెత్తి చూశాడు. ఏమనుకున్నాడో తెలియదు. పాట మార్చకుండా అలాగే నడిపించాడు.

తర్వాత జనం రావడం మొదలైంది. హాలు నిండింది. ఎవరో బల్ల దగ్గరికి వెళ్లి సినిమా పాటలు పెట్టమన్నారు. ఇంకొందరు వెళ్లారు. హోటల్ మేనేజరు కూడా వెళ్లి డీజే చెవిలో ఏదో చెప్పాడు. మాటలున్న పాట మొదలవగానే వదిన నా చేయి పట్టుకుంది.

"ఎల్లిపోదాం."

రోడ్డు దాటి బీచ్ గోడ మీద కూర్చున్నాం. పల్లీల బండి దగ్గర పిల్లలు ఆడుకుంటున్నారు. పోర్టులోకి వెళ్లే వంతు కోసం ఆగిన ఓడల దీపాలు సముద్రం మీద వరసగా వెలుగుతున్నాయి. వాటినే చూస్తూ, నా వైపు తిరక్కుండానే వదిన అంది.

"ఆ సౌండుకి కడుపులో కదిలినట్టయింది వదినా. అప్పుడు కదిలినట్టే."

నేను ఆమె చేయి పట్టుకున్నాను.

"నువ్వు సూసేవు కదా" అంది. "ఆసుపత్రిలో నువ్వున్నావు. నాకెవులూ సెప్పనేదు. నాను అడగనేదు. ఇప్పుడు అడుగుతన్నాను. సెప్పు."

నేను చూశాను. నర్సు బిడ్డని నా చేతుల్లోనే పెట్టింది, అన్నయ్య వచ్చేదాకా. ఆ సంగతి చెప్పకూడదని అందరూ అనుకున్నారు కాబట్టి నేనూ అనుకున్నాను. కానీ నా పక్కన కూర్చుని ఆమె అలా అడిగాక చెప్పకుండా ఉండే హక్కు నాకు లేదనిపించింది.

"ఆడపిల్ల" అన్నాను.

"అది తెలుసు. ఆ రోజు ఆయమ్మలు అనుకుంతంటే ఇన్నాను. ఎలగుంది?"

"జుట్టు ఒత్తుగా ఉంది. నుదుటి మీదకి పడింది. ముక్కు అన్నయ్యది. పెదవులు నీవి. నిద్రపోతున్నట్టే ఉంది."

"సేతులు?"

"వేళ్లు పొడుగ్గా ఉన్నాయి. గోళ్లు కూడా వచ్చాయి."

"ఏటిలో సుట్టేరు?"

"అమ్మ ఆకుపచ్చ నేత చీరలో. మెత్తటిది."

తల ఊపింది. ఒక్కొక్క జవాబూ అందుకుని లోపల ఎక్కడో పెట్టుకుంటున్నట్టు కాసేపు ఆగి ఇంకోటి అడిగింది. నాకు తెలిసినవన్నీ చెప్పాను. చివరి బస్సుల వేళ అవుతోందని నేనే లేవదీశాను.

మర్నాడు పొద్దున అన్నయ్య నన్ను వెనక వరండాలోకి పిలిచాడు. వదిన అతనికి తనే చెప్పింది.

"ఎందుకు చెప్పావే? ఇప్పుడిప్పుడే మర్చిపోతోంది కదా."

"మర్చిపోలేదన్నయ్యా. నువ్వు మర్చిపోయావా?"

గ్రిల్ పట్టుకుని నిలబడ్డాడు. షిఫ్టుకి వెళ్లే ముందు అప్పుడప్పుడూ కొండవార శ్మశానం దగ్గర బండి ఆపుతున్నానని అప్పుడు చెప్పాడు. పూడ్చిన చోట గుర్తు కోసం పెట్టిన రాళ్లు వానలకి జరిగిపోయాయని, అయినా తనకి చోటు తెలుసునని అన్నాడు. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదట. గుమ్మంలోంచి వదిన విన్నది.

"నన్ను తీసుకెల్లండి" అంది.

ఆ తర్వాతి ఆదివారం నలుగురం వెళ్లాం. నాన్న ఇంట్లోనే ఉండిపోయారు. అమ్మ మాత్రం వస్తానంది. అన్నయ్య రాళ్లు తెచ్చి మళ్లీ సర్దాడు. వదిన నేల మీద కూర్చుని మట్టి మీద చేయి పెట్టింది. వెనక్కి వచ్చేటప్పుడు ఆటోలో అమ్మ ఉన్నట్టుండి వదినతో అంది.

"వీడికి ముందు నాకొకరు పోయారమ్మా. నాకూ చూపించలేదు. ఆడో మగో కూడా నాకు తెలియదు."

అన్నయ్యకీ నాకూ ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. వదిన అమ్మ చేయి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

"అడగనేదా అత్తా?"

"ఎవర్ని అడగను? మీ మామయ్యకీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పేవాళ్లెవరూ లేరు."

ఆటో గాజువాక చేరేదాకా ఆ చేయి అలాగే ఉంది.

తర్వాత సంగతులు మామూలువే. నాకు ఊళ్లోనే ఉద్యోగం దొరికింది. అన్నయ్యా వదినా పెందుర్తిలో ఇల్లు కట్టుకున్నారు. వాళ్లకి మళ్లీ పిల్లలు పుట్టలేదు. కొన్నేళ్లు ఆశపడ్డారు, మందులు వాడారు, తర్వాత ఆపేశారు. వదిన ఇప్పుడక్కడే ఒక ల్యాబ్ చూసుకుంటోంది. పక్కన నర్సింగ్‌హోమ్ ఉంది. ఎవరికైనా ఇలా అయిందని తెలిస్తే వెళ్లి వాళ్ల ఇంటివాళ్లతో మాట్లాడుతుంది. తల్లి చూస్తానంటే చూపించమంటుంది. వినేవాళ్లు వింటారు, తిట్టి పంపేవాళ్లూ ఉన్నారు.

బ్లాగులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఓడరేవు మనిషి సెలవని కూడా రాయలేదు. ఒకరోజు చూస్తే ఆ పేజీ లేదు, అంతే. ఇప్పుడు ఏది కావాలన్నా ఫోన్లో దొరుకుతుంది, దిగేదాకా ఆగే పని లేదు. రుషికొండ వైపు హాళ్లలో నెలకోసారైనా ఇలాంటి సంగీతం పెడుతున్నారు. మేం వెళ్తాం. పెందలాడే వెళ్లి, నిండక ముందే వచ్చేస్తాం. అన్నయ్య ఒకసారి వచ్చాడు. క్రేన్ క్యాబిన్ కంటే ఎక్కువ చప్పుడని బయట బండి మీద కూర్చున్నాడు, అయినా మేం వచ్చేదాకా వెళ్లలేదు.

కొత్త పాటలు వెతకడంలో వదిన నన్నెప్పుడో దాటిపోయింది. నిన్న మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా ఒకటి పంపింది. భోజనం చేస్తూ విన్నాను. నాకు నచ్చలేదు, ఆ మాటే చెప్పాను.

"ఇంకోసారి ఇను" అంది. "మజ్జన్నం ఇనే పాట కాదది."

సరేనన్నాను. ఇంకా వినలేదు.